గట్టుకూ ఒక స్కాలర్‌షిప్పు

(మన ట్రస్టు విద్యార్థి వేతనాల ప్రదాన సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



స్కాలర్‌షిప్పు సభలో చదువు గురించే మాట్లాడాలి. కార్యదర్శిగారు ఫోను చేసి, "పిల్లలకూ, వాళ్ళ అమ్మానాన్నలకూ పనికివచ్చేది నాలుగు మాటలు చెప్పండి అయ్యవారూ" అన్నారు. ఏటి ఒడ్డు గురించి చెప్తానన్నాను. ఆయన కాసేపు ఊరుకొని, "దానికీ స్కాలర్‌షిప్పుకూ ఏం సంబంధమండీ?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబే ఈ నాలుగు మాటలూ.

మన తిరుత్తణిలో 1888లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు పేద కుటుంబంలో పుట్టి, స్కాలర్‌షిప్పుల ఆసరాతో చదువుకొని, దేశానికి రాష్ట్రపతి అయ్యారు. ఈ మాట మన సభల్లో ప్రతి ఏడూ చెప్పుకొంటాం. సమయానికి అందిన చిన్న సాయం ఒక మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో దాని వల్ల తెలుస్తుంది. సమయానికి అందని సాయం ఏమి చేస్తుందో నా సొంత అనుభవం ఒకటి చెప్తాను.

మా ఇంటి లెక్క

మాది పళ్ళిపట్టుకూ పూండికీ నడుమ, ఏటి పక్క పల్లె. ప్రభుత్వ కాగితాల్లో ఆ ఏటి పేరు కొసస్థలైయారు. మన పెద్దల నోట కుశస్థలి. మా నాయనగారి పాలు పంచుకోగా నాకు వచ్చింది రెండెకరాల పది సెంట్లు. దాని తూర్పు పక్క ఏటి గట్టు. గట్టు మీద మా తాత కాలం నాటి తాటిచెట్లు ముప్పై ఎనిమిది, తెల్లమద్ది మాన్లు రెండు, నాలుగైదు కానుగలు, మధ్యలో ఈత పొదలు, కింద రెల్లు ఉండేవి. ఎండాకాలం ముంజెలు తినేవాళ్ళం. తాటాకు కొట్టానికి కప్పేవాళ్ళం. ఆవులు అక్కడే మేసేవి. అయినా ఆ గట్టును మా ఇంట్లో ఎవరూ ఆస్తి అనుకోలేదు. వరి పండదు, వేరుశనగ పండదు, కాబట్టి అది లెక్కలో లేని నేల.

2003లో మా పెద్దబ్బాయికి ఇంజనీరింగులో సీటు వచ్చింది. ఆ ఏడు కరువు. బావి అడుగంటింది. నాకు జీతం వచ్చేది కానీ, చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. ఫీజు కట్టడానికి పదిహేను రోజుల గడువిచ్చారు. ఒక సంస్థకు స్కాలర్‌షిప్పు కోసం అంతకుముందే అర్జీ పెట్టి ఉన్నాం. మంజూరైంది కూడా. అయితే డబ్బు చేతికి వచ్చింది మరుసటి జనవరిలో. ఫీజు గడువు ఆగస్టులోనే ముగిసింది.

ఆ మధ్యలో ఇటుకల బట్టీకి కట్టె కొనే ఆయన మా ఇంటికి వచ్చాడు. ముప్పై ఎనిమిది తాళ్ళు, రెండు మద్దులు రెండు రోజుల్లో నేలకూలాయి. లారీ వెళ్ళిపోయిన సాయంత్రమే ఫీజు డబ్బు కట్టి, రసీదు జేబులో పెట్టుకొన్నాను. మా అబ్బాయి చదివాడు, ఉద్యోగం చేసుకొంటున్నాడు. ఆ పని చేసినందుకు నేను సిగ్గుపడటం లేదు. బిడ్డ చదువు ముందా, చెట్టు ముందా అని అడిగితే ఏ తండ్రి అయినా నేను చెప్పిన జవాబే చెప్తాడు. కానీ నేను కట్టిన ఫీజు ఎంతో నాకు అప్పుడు పూర్తిగా తెలియలేదు.

2015 నవంబరు, డిసెంబరు వానలు మీ అందరికీ జ్ఞాపకమే. ఏరు రెండు పక్కలా పొంగింది. మా గట్టులో తాటి మొదళ్ళు కుళ్ళిపోయిన చోటల్లా గండి పడింది. ఇసుక మూటలు వేసి సర్దుకొన్నాం. 2021 నవంబరులో ఎగువన ఆంధ్రలోని కృష్ణాపురం వద్ద అమ్మపల్లి జలాశయం నిండి నీళ్ళు వదిలారు. పళ్ళిపట్టు దగ్గర కాజ్‌వేలు మునిగాయి. మా ఊళ్ళో రాత్రంతా గట్టు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి నీళ్ళలో పడుతున్న చప్పుడు విన్నాం. నీళ్ళు తీశాక సర్వేయరును పిలిచి కొలిపిస్తే, పదమూడు సెంట్ల నేల లేదు. చిట్టాలో ఉంది, పట్టాలో నా పేరు ఉంది. నేల మాత్రం లేదు. ఆ మన్ను ఇప్పుడు పూండి జలాశయం అడుగున ఎక్కడో ఉంటుంది.

మాకు దిగువన ఉన్న పొలం మా దాయాదులది. వాళ్ళు చెట్లు కొట్టలేదు. చెట్లుంటే ఏరు ముట్టదని నేను అబద్ధం చెప్పను. వాళ్ళ గట్టు కూడా కొంత కోసుకుపోయింది. కొలిస్తే ఒకటిన్నర సెంటు. ఒకటే ఏరు, ఒకటే వరద, పక్కపక్క పొలాలు.

ఒడ్డు చేసే పని

పిల్లలూ, మీలో సైన్సు చదివేవాళ్ళున్నారు. ఏటి ఒడ్డు నేల చేసే పని ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. మొదటిది, వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి. రెల్లు, వట్టివేరు వంటి గడ్డి వేళ్ళు పై మట్టిని వలలాగా పట్టుకొంటాయి. మద్ది, నేరేడు, కానుగ వేళ్ళు లోతుకు దిగి గట్టును కట్టి ఉంచుతాయి. ఈ రెండూ ఉన్నప్పుడే గట్టు నిలుస్తుంది. ఒట్టి చెట్లున్నా చాలదు, ఒట్టి గడ్డి ఉన్నా చాలదు.

రెండవది, పొలంలో నుంచి వాననీళ్ళు పరుగెత్తి ఏట్లోకి పోతాయి. ఆ నీళ్ళలో మనం వేసిన యూరియా, పురుగుమందు, పై మట్టి అన్నీ ఉంటాయి. నడుమ గడ్డి, చెట్లు ఉన్న నేల ఒక పట్టె ఉంటే నీళ్ళు అక్కడ నెమ్మదిస్తాయి. మట్టి అక్కడే దిగుతుంది. ఎరువులో కొంత భాగం ఆ చెట్లే తింటాయి. మూడవది, నెమ్మదించిన నీళ్ళు కొంత భూమిలోకి ఇంకుతాయి. అవి మన బావులకే చేరుతాయి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఏటి పక్క ఏ పచ్చదనమైనా మంచిదే అనుకోకూడదు. సీమ తుమ్మ, మన తమిళ సోదరులు సీమై కరువేలం అనే చెట్టు, ఏటి గర్భంలో దట్టంగా పెరిగి నీళ్ళ దారికి అడ్డం పడుతుంది. 2017లో మద్రాసు హైకోర్టు ఆదేశాలు వచ్చినప్పుడు ఊరూరా దాన్ని కొట్టారు. కొట్టడం వరకు బాగానే ఉంది. కొట్టిన చోట మరేమీ నాటకపోతే బోడి గట్టు మిగులుతుంది. మరుసటి వానకు అది జారుతుంది. తీసేసిన చోట నాటడం కూడా ఆ పనిలో భాగమే.

ఇంకొకటి. చెట్లు నాటవలసింది గట్టు మీద, గట్టుకు ఇవతల మన పట్టా నేలలో. ఏటి గర్భంలో నాటకూడదు. అది పొరంబోకు, నీళ్ళ దారి. దాని మీద అధికారం ప్రభుత్వ జలవనరుల శాఖది.

మన ఏళ్ళ మీద ఎవరు బతుకుతున్నారు

ఒక్కసారి మన కుశస్థలి దారి చూడండి. చిత్తూరు వైపు కొండల నీళ్ళు పళ్ళిపట్టు దగ్గర మన జిల్లాలోకి వస్తాయి. తిరుత్తణి నందియారు, నగరి ఏరు వచ్చి కలుస్తాయి. పూండిలో ఆగి, తామరైపాక్కం, వల్లూరు ఆనకట్టలు దాటి, ఎన్నూరు దగ్గర సముద్రంలో పడతాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం ఆంధ్ర నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రానికి మారింది. సరిహద్దు రాళ్ళు మారాయి కానీ, ఏరు పాత దారినే పోతున్నది. ఎగువన మన బంధువులు గట్టు పాడు చేసుకొంటే ఆ మన్ను దిగువన మన చెరువులకు వస్తుంది. మనం పాడు చేస్తే పూండికి పోతుంది.

పూండి జలాశయానికి 1940లో పునాది వేయించిన పెద్దమనిషి, అప్పటి మద్రాసు మేయరు సత్యమూర్తిగారు. 1944లో అది పూర్తయ్యే నాటికి ఆయన లేరు. దాని సామర్థ్యం 3,231 మిలియన్ ఘనపుటడుగులు. మద్రాసు నగరం మన జిల్లా నీళ్ళు తాగుతున్నది. అది చాలక 1983లో తెలుగు గంగ ఒప్పందం జరిగింది. 1996లో కృష్ణా నీళ్ళు మొదటిసారి పూండికి చేరాయి. మట్టి గట్లు జారి, దారిలో నీళ్ళు ఇంకిపోయి, అనుకొన్నంత రాలేదు. తర్వాత సత్యసాయి ట్రస్టు తన నిధులతో కండలేరు నుంచి వచ్చే కాలువ గట్లను పటిష్ఠం చేయించింది. 2004 నాటికి ఆ పని పూర్తయి, నీళ్ళ రాక మెరుగుపడింది. ఒక ధర్మసంస్థ గట్టు కోసం డబ్బు ఖర్చు పెట్టడం మన ప్రాంతానికి కొత్త కాదని చెప్పడానికే ఈ మాట ఎత్తాను.

తీసినదానికి డబ్బు, నిలిపినదానికి లేదు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఏటి పక్క రైతుకు డబ్బు ఎప్పుడెప్పుడు వస్తుంది? చెట్టు కొట్టి బట్టీకి అమ్మితే వస్తుంది. పట్టా నేలలోని పై మట్టి ఇటుకలకు అమ్మితే వస్తుంది. ఇసుక లారీకి దారి ఇస్తే వస్తుంది. 2000 తర్వాతి కరువుల్లో చెన్నై మెట్రో వాటర్ మన జిల్లా రైతుల వ్యవసాయ బావులను అద్దెకు తీసుకొని నీళ్ళు కొన్నది. 2017 కరువులోనూ అలాగే కొన్నది. ఎండిపోయిన పంట కంటె నీళ్ళ డబ్బు మేలని చాలామంది ఇచ్చారు. నగరంలో ఉన్నవాళ్ళూ మనవాళ్ళే, దాహానికి నీళ్ళు ఇవ్వడం తప్పు కాదు. ఇచ్చిన రైతులను నేను తప్పు పట్టను.

కానీ ఒక సంగతి గమనించండి. ఏటి నుంచి ఏదైనా తీస్తే డబ్బు వస్తుంది. ఏటి పక్క ఏదైనా నిలిపి ఉంచితే ఒక్క రూపాయి రాదు. ఇదే యాభై ఏళ్ళు నడిస్తే ఏమవుతుందో మన జిల్లా తూర్పు కొసలో మీంజూరు చుట్టూ చూడవచ్చు. 1960ల చివర భూమి అడుగున సముద్రపు ఉప్పు తీరం నుంచి మూడు నాలుగు కిలోమీటర్ల దాకా ఉండేది. నీళ్ళు తోడిన కొద్దీ తర్వాతి దశాబ్దాల్లో అది పది కిలోమీటర్లు దాటి లోపలికి వచ్చింది. తోడకాన్ని అదుపు చేయడానికి 1987లో చెన్నై మహానగర భూగర్భ జలాల చట్టం తెచ్చారు. చట్టం వద్దని చెప్పగలదు. చేసినవాడికి కూలి ఇవ్వలేదు.

ఒడ్డు కాపాడటం రైతుకు ఖర్చే. లెక్క వేసి చూడండి. వంద మీటర్ల పొడవున ఏటి గట్టు ఉన్న రైతు, పది మీటర్ల వెడల్పు నేల చెట్లకు, గడ్డికి వదిలేశాడనుకోండి. వెయ్యి చదరపు మీటర్లు. అంటే ఇంచుమించు పాతిక సెంట్లు. రెండెకరాల రైతుకు అది ఎనిమిదో వంతు. ఆ నేలలో పండే వేరుశనగ పోతుంది. మొక్కలకు రెండు వేసవులు నీళ్ళు మోయాలి. మేకల నుంచి కాపాడాలంటే కంచె వేయాలి. దాని లాభం ఎవరికి? కొంత ఆయనకు, కొంత పక్క రైతుకు, కొంత పూండికి, కొంత చెన్నైలో కొళాయి తిప్పేవాడికి. నష్టం అంతా ఒక్కడిది, లాభం అందరిదీ. అందుకే ఆ ఖర్చులో అందరూ పాలు పంచుకోవాలని నేను అంటున్నాను.

వేరే దేశంలో ఒక ఉదాహరణ

ఇది నేను కొత్తగా కనిపెట్టిన ధర్మం కాదు. అమెరికాలో న్యూయార్కు నగరానికి నీళ్ళు దూరాన ఉన్న కొండ ప్రాంతాల నుంచి వస్తాయి. అక్కడ పాడి రైతులున్నారు. 1990లలో ఆ నీళ్ళు వడకట్టే కర్మాగారం కట్టాలని ప్రభుత్వం అన్నది. ఖర్చు ఆరు వందల నుంచి ఎనిమిది వందల కోట్ల డాలర్లు అవుతుందని అంచనా వేశారు. నగరం వాళ్ళు ఆలోచించి, అంత డబ్బు పెట్టి మురికిని వడకట్టే బదులు, ఎగువ రైతులకు సాయం చేసి మురికి పడకుండా చూడటం చవక అని తేల్చుకొన్నారు. 1997లో ఎగువ ఊళ్ళతో ఒప్పందం చేసుకొన్నారు. రైతులను బలవంతపెట్టలేదు. ఇష్టమైనవాళ్ళు చేరారు.

అక్కడ కేంద్ర ప్రభుత్వానికి కూడా 1985 నుంచి ఒక పథకం ఉంది. రైతు తన నేలలో కొంత భాగం సాగు మాని గడ్డికో, చెట్లకో వదిలితే పది నుంచి పదిహేను ఏళ్ళ పాటు ఏటేటా అద్దె ఇస్తారు. ఏటి పక్క చెట్ల పట్టెకు కనీస వెడల్పు 35 అడుగులు, అంటే మనం లెక్క వేసిన పది మీటర్లకు కొంచెం ఎక్కువ. కంచెకు, మొక్కలకు, పశువులు ఏట్లో దిగకుండా వేరే నీటి తొట్టికి అయ్యే ఖర్చులో భాగం ఇస్తారు. నేల రైతుదే. హక్కు రైతుదే. ఒడ్డు నిలబెట్టినందుకు కూలి మాత్రం సమాజం ఇస్తుంది.

వాళ్ళు డబ్బున్నవాళ్ళు, వాళ్ళతో మనకేం పోలిక అనవచ్చు. వాళ్ళ డబ్బు మనం తెచ్చుకోలేం. వాళ్ళ లెక్క మాత్రం తెచ్చుకోవచ్చు.

మన దగ్గర ఏమున్నది

మన రాష్ట్రంలో ఏమీ లేదని కాదు. 2007-08 నుంచి అటవీశాఖ పట్టా నేలల్లో చెట్ల పెంపకానికి ఒక పథకం నడిపింది. 2021-22లో వ్యవసాయశాఖ ద్వారా రైతుల నేలల్లో పచ్చదనం పెంచే ఉద్యమం అని మరొకటి మొదలైంది. దానిలో మొక్కలు ఉచితం. నాటిన మొక్క బతికి ఉంటే రెండో ఏడు నుంచి నాలుగో ఏడు దాకా మొక్కకు ఏటా 7 రూపాయల ప్రోత్సాహం అని అప్పుడు చెప్పారు. పొలం గట్ల మీద కూడా నాటవచ్చు. ఇటువంటి పథకాల వివరాలకు మీ బ్లాకు వ్యవసాయ విస్తరణ కేంద్రానికి వెళ్ళండి, లేదా ఉళవన్ యాప్‌లో చూడండి. ఎప్పటికప్పుడు నిబంధనలు అడిగి తెలుసుకోండి. చదువుకొన్న పిల్లలు ఇంట్లో ఉండి కూడా ఆ యాప్ తెరిచి చూపించకపోతే ఆ తప్పు మీదే.

2021 వ్యవసాయ బడ్జెట్టులో తాటి గింజలు ఇవ్వడం, తాటిచెట్టు కొట్టాలంటే కలెక్టరు అనుమతి ఉండాలనడం ప్రకటించారు. ఆ మాట 2003లో ఉండి ఉంటే మా గట్టు ఉండేదేమో. కానీ ఫీజు ఎలా కట్టేవాడినో నాకు తెలియదు.

పాత పద్ధతి ఒకటుంది, చాలామంది మరిచిపోయారు. పొరంబోకు నేలలోని చెట్టు ఫలసాయం అనుభవించడానికి గ్రామ లెక్కల్లో 2-సి పట్టా అని ఇచ్చేవారు. నేల ప్రభుత్వానిది, కాయ పెంచినవాడిది. చెట్టు బతికి ఉన్నంత కాలం పెంచినవాడికి ఆదాయం. మన పెద్దలకు ఈ కిటుకు ముందే తెలుసు.

అయితే ఒక లోటున్నది. ఆ లెక్కన వంద మొక్కలు నాటి అన్నీ బతికించుకొన్న రైతుకు ఏడాదికి 700 రూపాయలు వస్తాయి. మూడేళ్ళకు 2,100. ఇది మొక్కకు సాయమే, కాదనను. కానీ పాతిక సెంట్ల పంట వదులుకొన్నదానికి ఇది సరిపోదు. పైగా డబ్బు రెండో ఏడు నుంచి వస్తుంది. రైతుకు కష్టం మొదటి ఏడే. గుంటలు, కంచె, వేసవి నీళ్ళు అన్నీ అప్పుడే. ఆగస్టు ఫీజుకు జనవరిలో స్కాలర్‌షిప్పు వచ్చిన కథే ఇక్కడా.

ట్రస్టుకు నా మనవి

కాబట్టి పెద్దలకు రెండు మనవులు చేసుకొంటున్నాను.

మొదటిది మన వేతనాల గురించి. మన ట్రస్టు ఇచ్చే మొత్తం పెద్దది కాకపోయినా ఫరవాలేదు. ఫీజు గడువుకు ముందు చేతికి అందాలి. సభ తర్వాత పెట్టుకోవచ్చు, శాలువాలు తర్వాత కప్పుకోవచ్చు. జూన్, జూలై నెలల్లో సగమైనా బ్యాంకులో వేసేయండి. ఆ సగం ఎన్ని గట్లను కాపాడుతుందో మీరు ఊహించలేరు. మా పిల్లవాడి అర్జీ మంజూరు చేసినవాళ్ళు మంచివాళ్ళే. అయిదు నెలల ఆలస్యం నలభై చెట్ల ఖరీదు అవుతుందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అందుకే నేను మీకు చెప్తున్నాను.

రెండవది, గట్టుకూ ఒక స్కాలర్‌షిప్పు పెట్టండి. మన వేతనాలు పొందే కుటుంబాల్లో ఏటి పక్క, కాలువ పక్క పట్టా నేల ఉన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఇష్టపడినవాళ్ళను అయిదు కుటుంబాలను తీసుకొందాం. వంద మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. ఎకరం లోపు ఉన్నవాళ్ళకు అయిదు మీటర్లు చాలు. మొదటి ఏడు 10,000 రూపాయలు ముందుగానే. తర్వాత నాలుగేళ్ళు ఏటా 5,000. మొత్తం ఒక కుటుంబానికి 30,000. అయిదు కుటుంబాలకు అయిదేళ్ళకు లక్షా యాభై వేలు. మొక్కలు ప్రభుత్వ పథకంలో ఉచితంగా తెచ్చుకొందాం. ఆ ప్రోత్సాహం కూడా రైతుకే.

షరతులు ఎక్కువ పెట్టవద్దు. ఆ నేల దున్నకూడదు. అక్కడ మన్ను, ఇసుక తీయకూడదు. అయిదేళ్ళ దాకా చెట్టు కొట్టకూడదు. గడ్డి కోసుకోవచ్చు. నేరేడు కాయలు, కానుగ గింజలు, ఈతాకు, వెదురు పొదలో ముదిరిన గడలు రైతువే. ఆదాయం ఉంటేనే ఆరో ఏడు కూడా ఆ చెట్లు ఉంటాయి. మొక్క చచ్చిపోతే డబ్బు ఆపవద్దు, తిరిగి నాటడానికి ఒక అవకాశం ఇవ్వండి. పరీక్ష ఒకసారి తప్పిన పిల్లవాడికి మనం అలాగే చేస్తాం గదా.

తనిఖీ ఎవరు చేయాలి అంటారా? ఈ పిల్లలే. ప్రతి సంక్రాంతి సెలవుల్లో వేతనం పొందే విద్యార్థులు ఇద్దరిద్దరు ఒక గట్టుకు వెళ్ళి, బతికి ఉన్న మొక్కలు లెక్కపెట్టి, గట్టు అంచు ఒక గుర్తు రాయి నుంచి ఎంత దూరంలో ఉందో టేపుతో కొలిచి, పుస్తకంలో రాయాలి. అయిదేళ్ళ కొలతలు చేతిలో ఉంటే, "మా జిల్లాలో ఒడ్డు కాపాడిన రైతుకు ఇంత ఇస్తే ఇంత నేల నిలిచింది" అని కలెక్టరుగారి ముందు పెట్టవచ్చు. ప్రభుత్వం పెద్ద ఎత్తున చేయవలసిన పని ఇది. ఒక చిన్న ట్రస్టు చేయగలిగింది చేసి చూపించడమే.

ఇది మన ట్రస్టు ఉద్దేశాలకు బయటి పని అని ఎవరికైనా అనుమానం రావచ్చు. విద్యార్థి వేతనం ఎందుకు ఇస్తున్నాం? కుటుంబం తన రేపటిని అమ్ముకోకుండా బిడ్డను చదివించుకోవాలని. ఏటి పక్క కుటుంబానికి రేపు అంటే ఆ గట్టే. ఒకటి కాపాడి ఒకటి వదిలేస్తే, ఇచ్చిన ఫలం సగమే దక్కుతుంది.

మాటలు చెప్పి కూర్చోవడం నాకు అలవాటు లేదు. ఆ అయిదు కుటుంబాల్లో ఒక కుటుంబానికి అయ్యే 30,000 నా పింఛనులో నుంచి నేను ఇస్తాను. మొదటి ఏటి 10,000 చెక్కు కోశాధికారిగారికి ఈ రోజే ఇస్తున్నాను. మా గట్టుకు మాత్రం ఆ డబ్బు తీసుకోను. అక్కడ మిగిలినంత మేర నేనే నాటుకొంటున్నాను. కిందటి పురటాసిలో నూట ఇరవై తాటి గింజలు వేశాను. మొలిచాయి. తాటిచెట్టు కాపుకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో మీకు తెలుసు. ఆ ముంజెలు నేను తినను. మా మనవడు తింటాడు.

పిల్లలారా, ఈ రోజు మీరు అందుకొన్న కవరు వెనుక ఎవరి కష్టం ఉందో ఇంటికి వెళ్ళి అడగండి. మీ చదువు కోసం ఇంట్లో ఏది అమ్మారో, ఏది అమ్మబోతున్నారో అడగండి. మీ నాయన చెప్పడు. మీ అమ్మను అడగండి, చెప్తుంది. దాన్ని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఉద్యోగం వచ్చిన మొదటి ఏడు ఆ కాగితం బయటకు తీయండి. అందులో చెట్లు రాసి ఉంటే, మళ్ళీ నాటండి.